గోవా క్యాసినోకి బడ్జెట్: మొత్తం ఒకేసారా, పూటకింతా, గంట లెక్కా? ఏది మేలు?

"గురూ, గోవా వెళ్తున్నాం. క్యాసినోకి ఎంత పట్టుకెళ్లమంటావు?" దసరా సెలవులు దగ్గర పడితే చాలు, గాజువాక నుంచి మధురవాడ దాకా తెలిసినవాళ్లందరిదీ ఇదే ప్రశ్న. మన విశాఖలో క్యాసినో లేదు. 2020లో రాష్ట్ర చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా ఆపేశారు. 2025లో కేంద్రం చట్టం చేసి ఆన్‌లైన్ డబ్బాటలన్నింటినీ నిషేధించింది. ఇక సరదాపడేవాళ్లు ఎక్కువగా చూసేది పణజిలో మాండవి నది మీది క్యాసినో ఓడల వైపే.

ఎంత అన్నది ఎవరి జీతాన్ని బట్టి వాళ్లు చూసుకోవాలి. మొత్తం పోయినా ఈఎంఐలూ పిల్లల ఫీజులూ కదలకూడదు. అప్పు చేసి తెచ్చిన డబ్బయితే ఈ వ్యాసం మీకు పనికిరాదు, ప్రయాణం మానుకోండి. ఆ డబ్బుకి హద్దు ఎలా పెట్టుకోవాలన్నదే ఇక్కడ చూద్దాం.

ఎక్కువమంది చేసేది, ట్రిప్పు మొత్తానికి ఒక అంకె అనుకోవడం. "పదిహేను వేలు, అంతే." వినడానికి బానే ఉంటుంది. మొదటి రాత్రే రెండు గంటల్లో ఆ పదిహేను వేలూ పోయాయనుకోండి, ఇంకా రెండు రాత్రులుంటాయి. పక్కన స్నేహితులు ఆడుతుంటారు. కార్డు హోటల్ గదిలో వదిలేసి వచ్చినా ఫోన్ జేబులోనే ఉంటుంది. "ఒరేయ్, ఓ పదివేలు కొట్టు, పొద్దున్నే వేసేస్తా" అన్న మెసేజ్ వెళ్లడానికి అర నిమిషం చాలు.

జేబులో ఎంత ఉందన్నదాని కంటే టేబుల్ మీద ఎంత తిరిగిందన్నదే నష్టాన్ని తేలుస్తుందని నా నమ్మకం. రూలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఏ గడిలో పడుతుందో పందెం కాసే ఆట. ఒకే సున్నా ఉన్న రూలెట్‌లో 37 గడులుంటాయి, చెల్లింపు మాత్రం 36 లెక్కన ఇస్తారు. అంటే పందెంగా తిరిగిన ప్రతి వంద రూపాయల్లో సగటున రూ.2.70 క్యాసినోకి మిగులుతుంది. రెండు సున్నాల చక్రమైతే అది రూ.5.26. బకరా అనే పేకాటలో 'బ్యాంకర్' వైపు వేస్తే రూపాయి పైచిలుకు, అదే టేబుల్ మీద 'టై' (రెండు వైపులా సమం) మీద వేస్తే 14 రూపాయలు దాటుతుంది.

ఇప్పుడు గంట లెక్క చూడండి. రూలెట్‌లో రూ.500 చొప్పున గంటకి 40 రౌండ్లు ఆడితే తిరిగింది రూ.20,000, సగటు నష్టం రూ.540. "పెద్ద పందేలు మనకెందుకులే" అని స్లాట్ మెషిన్ ముందు కూర్చున్నాయన సంగతేంటి? నొక్కుకి రూ.50. నొక్కడానికి ఆరు సెకన్లు. గంటకి 600 సార్లు, రూ.30,000 తిరిగింది. మెషిన్ వాటా వందకి 8 అనుకున్నా రూ.2,400 పోయినట్టే. ఇవి సగటులు మాత్రమే, ఒక్క రాత్రిలో ఎటైనా జరగొచ్చు. కానీ చిన్న పందెం పెట్టేవాడే భద్రంగా ఉంటాడన్నది ఒట్టి భ్రమ.

అందుకే గంట లెక్కకి నేను మార్కులేస్తాను. రెండు గంటలు అనుకుని, అలారం పెట్టుకుని లేచిపోతే తిరిగే డబ్బు తగ్గుతుంది. చిక్కేమిటంటే, ఆ రెండు గంటల్లో పందెం రూ.500 నుంచి రూ.5,000కి పెంచేస్తే అలారం ఏమీ చేయలేదు.

నా ఓటు పూటకింత అనే పద్ధతికి. పదిహేను వేలని మూడు కవర్లు చేసి, రాత్రికొకటి తీసుకెళ్లాలి. మిగతా రెండూ హోటల్ లాకర్‌లో ఉంటాయి, కవర్ ఖాళీ అయితే ఆ రాత్రికి ఆట అయిపోయినట్టే. దీనికి గంట లెక్క కూడా కలిపితే ఇంకా మేలు. ఒక్క జాగ్రత్త: టేబుల్ మినిమమ్ (కనీస పందెం) రూ.500 ఉంటే ఐదు వేల కవర్ పది పందేలకే సరి, పావుగంటలో లేవాల్సి రావచ్చు. అలాంటప్పుడు మినిమమ్ తక్కువున్న టేబుల్ వెతుక్కోండి, లేదా రెండు రాత్రులే ఆడండి. వారాంతాల్లో మినిమమ్ పెంచడం మామూలే కాబట్టి శనివారం కవర్ వేరేగా లెక్కేసుకోండి. ఎంట్రీ టికెట్టుని మాత్రం ఈ కవర్లలోంచి తీయొద్దు. అందులో భోజనం, మందు కలిసే ఉంటాయి, దాన్ని సినిమా ఖర్చులా చూడండి.

"ఇంత గెలిస్తే లేస్తా" అనే టార్గెట్ పద్ధతి చెడ్డదేం కాదు, కానీ ఓడిపోతున్నప్పుడు ఎందుకూ పనికిరాదు.

ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేయడం గురించి అడగనే వద్దు. రూ.500తో మొదలుపెట్టి వరసగా ఆరుసార్లు ఓడితే పోయింది రూ.31,500, ఏడో పందెం రూ.32,000. రూలెట్‌లో ఎరుపు-నలుపు మీద వరసగా ఆరు ఓటములు దాదాపు 55లో ఒకసారి వచ్చే సంగతే. ఓ రాత్రంతా ఆడేవాడికి అది తగలడం వింతేం కాదు. పైగా టేబుల్‌కి గరిష్ఠ పరిమితి ఉంటుంది.

పూటకింత పద్ధతి పాటించేవాళ్లు తరచూ చూసుకోనిది జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి క్యాసినోల మీద అది 40 శాతం. చిప్స్ (డబ్బుకి బదులు ఆడే బిళ్లలు) కొన్న మొత్తం మీదే పన్ను లెక్కిస్తారు, చిప్స్ తిరిగిచ్చి డబ్బు తీసుకున్నా ఆ పన్ను వెనక్కి రాదు. గెలిచిన చిప్స్‌తో మళ్లీ ఆడితే కొత్త పన్ను ఉండదు. కాబట్టి కౌంటర్లో కవర్ ఇచ్చే ముందే, చేతికి ఎన్ని రూపాయల చిప్స్ వస్తాయో అడగండి. మధ్యలో టీకి లేచినప్పుడు చిప్స్ మార్చేసి, వచ్చాక మళ్లీ కొనొద్దు. జేబులో వేసుకుని వెళ్లండి. ఓడ దిగే ముందు మాత్రం మొత్తం మార్చేసుకోండి, పక్క క్యాసినోలో ఆ చిప్స్ చెల్లవు.