పైన గిన్నె, పక్కన చేయి: నాలుగేళ్లు వాడాక మా ఫ్లోర్ ల్యాంప్

మా హాల్లో ఫ్లోర్ ల్యాంప్‌కి మొన్న సంక్రాంతికి నాలుగేళ్లు నిండాయి. నల్లటి ఇనుప కడ్డీ, ఇంచుమించు మనిషి ఎత్తు. గది మొత్తానికి వెలుతురిచ్చేందుకు పైన వెల్లకిలా ఉన్న గిన్నె, చదువుకోవడానికి పక్కన ఎటు కావాలంటే అటు వంగే చిన్న చేయి. 6,500 రూపాయలు పోసి కొన్నది గిన్నె అందం చూసి. ఇంకా ఇంట్లో ఉందంటే మాత్రం ఆ చేయి వల్లే.

గిన్నెలోంచి వెలుతురు శ్లాబుకి తగిలి కిందికి దిగుతుంది. బల్బు కంట్లో పొడవదు, టీవీ మీద మెరుపు పడదు. అంతవరకు బాగానే ఉంది. షోరూంలో ఏసీ ఉంటుంది, ఫ్యాను తిరగదు. మా ఇంట్లో ఏడాదికి పది నెలలు తిరగాల్సిందే. మొదటి రోజు సాయంత్రం దీపం వేయగానే సీలింగ్ నిండా రెక్కల నీడలు గిరగిరా తిరిగాయి. పది నిమిషాలకే అమ్మ "ఆర్పెయ్యరా బాబూ, కళ్లు తిరుగుతున్నాయి" అంది. ల్యాంపుని ఫ్యానుకి దూరంగా మూలకి జరిపితే తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

ఇక ఉసిళ్లు. తొలకరి పడిన మర్నాడు పొద్దున గిన్నెలో చూస్తే పిడికెడు రెక్కలు. స్టూలెక్కి తడిగుడ్డతో తుడవడం నా డ్యూటీ అయిపోయింది.

చేయి కథ వేరు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా ట్యూబులైటు కింద పేపరు చదవడం అమ్మకి ఇబ్బందిగానే ఉండేది. ఇప్పుడు ఆ చేయిని కుర్చీ వెనక నుంచి ఎడమ భుజం మీదుగా వంచి పెడతాం. చిన్న బల్బుని మూడడుగుల దూరం నుంచి అడుగున్నరకి తెస్తే పేజీ మీద వెలుతురు దాదాపు నాలుగింతలు అవుతుంది. అందుకే 5 వాట్లు చాలు. రాశిఫలాల చిన్నక్షరాలు కూడా చదివేస్తోంది. నల్లదారం, నేవీ బ్లూ దారం తేడా మాత్రం ఈ పసుపు వెలుతురులో తెలియడం లేదట, దానికి కిటికీ దగ్గరికి వెళ్తుంది.

బల్బుల దగ్గర తిప్పలు పడ్డాను. రెండు హోల్డర్లూ మర తిప్పే E27 రకం. మా వీధి కొట్లో ఉండేవి పిన్ను బల్బులే. అవసరానికి దొరికిన 6500 కెల్విన్ తెల్ల బల్బు పెడితే హాలు మెడికల్ షాపులా తయారైంది. తర్వాత పసుపు వెలుతురిచ్చే 2700 కెల్విన్‌కి మారాను.

రెండో వేసవిలో చేయి కీలు వదులైంది. వంచి పెడితే మెల్లగా జారి అమ్మ జడకి తగిలేది. అమ్మినవాళ్లని అడిగితే విడిభాగం రాదు, కొత్తది తీసుకోండి అన్నారు. వెల్డింగ్ షాపు కుర్రాడు రబ్బరు వాషర్ వేసి బిగించాడు, 40 రూపాయలు. ఇప్పటికీ కదల్లేదు.

దిమ్మ బరువు ఆరు కిలోలే. పక్కింటి బుడ్డోడు ఒకసారి వైరు లాగితే మొత్తం ఊగిపోయింది. ఇటలీలో కాస్టిగ్లియోనీ అన్నదమ్ములు 1962లో గీసిన ఆర్కో అనే ఫ్లోర్ ల్యాంపుకి దాదాపు 65 కిలోల పాలరాతి దిమ్మ, చీపురు కర్ర దూర్చి ఇద్దరు ఎత్తడానికి అందులో ఒక కన్నం ఉంటాయి. మా ల్యాంపులాంటి వాటికి డిజైనర్ అని పేరు పెట్టేవాళ్లు అది కాస్త చూసి ఉండాల్సింది.

గిన్నెలో బల్బు పోయిన నెల మాడిపోయింది. ఇంతవరకు ఎవరూ మార్చమని అడగలేదు.