ఇద్దరు డేవిడ్‌లు: మైకెలాంజెలో, బెర్నిని

గొలియాత్ అనే భారీ యోధుణ్ణి వడిసెల రాయితో కొట్టిన బైబిల్ కుర్రాడు డేవిడ్ కథే ఈ రెండు విగ్రహాలదీ, పాలరాయే ఈ ఇటలీ శిల్పులిద్దరూ చెక్కింది. ఎంచుకున్న క్షణం మాత్రం వేరు.

ఫ్లోరెన్స్ అకాడెమియా మ్యూజియంలో ఉన్న మైకెలాంజెలో డేవిడ్ (1501–04) ఇంకా రాయి విసరలేదు. 5 మీటర్లు దాటిన ఆ మనిషి తాపీగా నిలబడ్డట్టే ఉంటాడు. కానీ ముడిపడిన కనుబొమలు, కిందికి వాల్చిన కుడిచేతి మీద ఉబ్బిన నరాలు చూస్తే లోపలి టెన్షన్ తెలిసిపోతుంది. ఆ చెయ్యి ఒంటికి కాస్త పెద్దదే, నాకైతే విగ్రహం మొత్తంలో అదే ఇష్టం. అన్నట్టు, ఆ రాయి అంతకుముందు వేరే శిల్పి మొదలుపెట్టి వదిలేసింది!

రోమ్ బోర్గేసె గ్యాలరీలోని బెర్నిని డేవిడ్ (1623–24) మనిషంత ఎత్తే. వీడికి ఆగే ఓపిక లేదు. నడుము మెలితిప్పి, పెదవులు బిగబట్టి, వడిసెల లాగి పట్టుకున్నాడు. విప్పేసిన కవచం కాళ్ల దగ్గరే పడుంది. గొలియాత్‌ను చెక్కలేదు, మన వెనకెక్కడో ఉన్నాడనుకోవాలి.

ఒక్కటే చూడగలిగితే బెర్నిని దగ్గరికే వెళ్లమంటాను. చుట్టూ తిరిగితేగానీ ఆ మెలిక అందదు, ఫోటోలో అసలే రాదు. మైకెలాంజెలో డేవిడ్‌కైతే ఫ్లోరెన్స్‌లోని పియాజ్జా డెల్లా సిన్యోరియా అనే కూడలిలో నకలు ఉంది, టికెట్ కూడా అక్కర్లేదు.