సూర్యలంక వెళ్తే బాపట్లలో ఒక రాత్రి ఉండండి

గుంటూరు నుంచి సూర్యలంక వెళ్లేవాళ్లలో చాలామందికి బాపట్ల అంటే బస్సు దిగి ఆటో ఎక్కే చోటే. ఈసారి మేం సముద్రానికి ఒక పూట ఇచ్చి, మిగతా సమయమంతా ఊరికి ఇచ్చాం. పిల్లలతో వెళ్లేవాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను.

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా సుమారు 50 కి.మీ. విజయవాడ వాళ్లకు రైలే సుఖం, తెనాలి మీదుగా చెన్నై వెళ్లే మెయిన్ లైన్‌లోనే బాపట్ల స్టేషన్ ఉంది.

1913 మే నెలలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షుడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న తెలుగు జిల్లాలకు వేరే రాష్ట్రం కావాలన్న మాట మీద అక్కడ గట్టి చర్చే నడిచింది. ఆ రాష్ట్రం రావడానికి మరో 40 ఏళ్లు పట్టింది. ఇంత పెద్ద సంగతి జరిగిన ఊరిని బీచ్‌కి దారిగా మాత్రమే చూడటం నాకు బాధనిపిస్తుంది. సూర్యలంకకు బాణం గుర్తు పెట్టినట్టే, దీన్ని చెప్పే బోర్డు కూడా వచ్చినవాళ్ల కంటపడేలా పెట్టాలి.

భావనారాయణస్వామి గుడికి పొద్దున్నే వెళ్లండి. చోళుల కాలం నాటిదని చెబుతారు. పాత గాలిగోపురం 2011లో కూలిపోయింది. అది నిలబడి ఉండగా చూసినవాళ్లు ఇప్పటికీ దాని గురించే మాట్లాడతారు.

బాపట్ల 1951లో మున్సిపాలిటీ అయింది. 2011 లెక్కల్లో జనాభా 70,777, అంటే గుంటూరు నగరంలో దాదాపు పదో వంతు. మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. అయితే వీధుల్లో తిరిగితే ఊరు ఆ అంకె కంటే పెద్దదిగా అనిపిస్తుంది. 1945లో వచ్చిన వ్యవసాయ కళాశాల, తర్వాత వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ వల్ల ఎక్కడెక్కడి పిల్లలో ఇక్కడ చదువుకుంటున్నారు. వాళ్ల పుణ్యమా అని తక్కువ ధరకే మంచి భోజనం పెట్టే మెస్సులున్నాయి. బీచ్ దగ్గర తిన్న చేపల వేపుడు కంటే ఊళ్లో తిన్న పప్పు, గోంగూర భోజనమే మాకు నచ్చింది.

2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం అయ్యాక గదులకు గిరాకీ పెరిగింది. సోమవారం కలెక్టరేట్‌కు అర్జీలతో వచ్చేవాళ్లుంటారు, ముందే ఫోన్ చేసుకోవడం మంచిది. మేం దిగిన లాడ్జిలో దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి కానీ, ఏసీకి డబ్బు తీసుకుని రాత్రంతా ఫ్యానుతోనే సరిపెట్టారు. అడిగితే తగ్గించలేదు. అందుకే గది చూశాకే డబ్బు కట్టండి. సముద్రం ఎదురుగా పడుకోవాలనుకునేవాళ్లకు సూర్యలంకలో టూరిజం వాళ్ల కాటేజీలున్నాయి. శని, ఆదివారాల్లో అప్పటికప్పుడు వెళ్తే దొరకడం కష్టం.

బీచ్ ఊరికి 9 కి.మీ. షేర్ ఆటో ఎక్కేముందే ధర మాట్లాడుకోండి. కార్తీకంలో ఒడ్డున నిలబడటానికి చోటుండదు. ఇక్కడ మునిగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు, పోలీసులు ఆపిన చోట ఆగిపోండి.

నవంబరు, డిసెంబరుల్లో వెళ్లేవాళ్లు ముందు వాతావరణం చూసుకోవాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు ఈ వైపునూ దెబ్బతీసింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. జనవరి, ఫిబ్రవరి అయితే ఆ టెన్షన్ ఉండదు, ఎండా తక్కువ.