డిగ్రీ తరువాత ఎమ్మెస్సీయా, బీఈడీయా, కోచింగా?

ఏప్రిల్ వచ్చిందంటే మా స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఫైనలియర్ పిల్లలు నిలబడి ఉంటారు. "ఒక మాట అడగల్ల సార్" అంటారు. అందరూ అడిగేది ఒకటే. డిగ్రీ అయిపోతోంది, ఇంక ఏం చేయల్ల?

మొన్న వచ్చిన అమ్మాయిది కళ్యాణదుర్గం పక్క పల్లె. బీఎస్సీ లెక్కలు. నోట్‌బుక్ చివరి పేజీలో స్కేలుతో గీతలు గీసి మూడు వరసలు చేసుకొచ్చింది. ఎమ్మెస్సీ, బీఈడీ, కోచింగ్. ఒక్కో వరస కింద ఆ సలహా ఎవరు చెప్పారో రాసుకుంది. ఎమ్మెస్సీ కింద ఇద్దరు స్నేహితురాళ్ల పేర్లు, బీఈడీ కింద 'నాయన', కోచింగ్ కింద 'మామ'. "మా మామ గ్రూప్-2 కొడితే డిప్యూటీ తాసిల్దారు అవుతావంటాడు సార్. మా నాయన ఆడపిల్లకి టీచరు పనే మేలంటాడు" అంది. నీకేం ఇష్టమమ్మా అంటే, కొంచెంసేపు ఆగి, "లెక్కలు ఇష్టం సార్" అంది.

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఏది మేలని అడిగినవాళ్లకు నేను ముందు ఒకటే ప్రశ్న వేస్తాను. నువ్వనుకున్న ఉద్యోగం రాలేదనుకో, రెండేళ్ల తరువాత నీ చేతిలో ఏం మిగులుతుంది? వచ్చినవాళ్ల సంగతి ఎవరైనా చెబుతారు, ఫ్లెక్సీల మీద కూడా ఉంటుంది. రానివాళ్లే ఎక్కువ. వాళ్ల లెక్క కూడా చూసుకునే దారి ఎంచుకోవాలి.

ముందు గ్రూప్-2 (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) కోచింగ్ సంగతి చెబుతాను, మా పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. తారీఖులు చూడండి. 2018 డిసెంబరు ఆఖరున 446 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ తరువాతది 2023 డిసెంబరులో, 897 పోస్టులకు. మధ్యలో ఐదేళ్లు. ఆ రెండోదానికి ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న పెడితే, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న పెట్టారు. ప్రిలిమ్స్‌కూ మెయిన్స్‌కూ నడుమ ఏడాది!

రాయదుర్గం వైపు పిల్లోడు ఒకడు 2019లో మా దగ్గర డిగ్రీ పాసయ్యాడు. 2018 నోటిఫికేషన్ నాటికి డిగ్రీ చేతిలో లేదు కాబట్టి దానికి పనికిరాలేదు. అనంతపురంలోనే రూము తీసుకుని మరుసటి నోటిఫికేషన్ కోసం కూర్చున్నాడు. వాళ్ల నాయన చెనక్కాయ పంట పోయిన ఏడు కూడా అప్పు చేసి నెలనెలా డబ్బు పంపాడు. మొదటి పరీక్ష రాసేటప్పటికి పిల్లోడికి ఇరవై ఐదు దాటింది. ప్రిలిమ్స్‌లో కొద్దిలో పోయింది. రాజ్యాంగంలో ఏ అధికరణ అడిగినా నిద్రలో లేపినా చెప్పేవాడు. బెంగళూరులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పోతే, ఈ ఐదేళ్లూ ఏం చేశావని అడిగారట. చూపించడానికి ఒక్క కాగితం లేదు. వాడి తెలివికి లోటు లేదు. ఎప్పుడు వస్తుందో తెలియని పరీక్ష కోసం మిగతావన్నీ ఆపుకున్నాడు, అదే వాడిని ముంచింది.

అందుకని డిగ్రీ అవుతూనే ఉత్త గ్రూప్స్ కోసం ఇల్లు విడిచి రూము తీసుకోవద్దని నా గట్టి మాట. రాయొద్దని అనడం లేదు. ఏదో ఒక కోర్సులోనో, చిన్న ఉద్యోగంలోనో ఉండి చదువుకోండి. సిలబస్ ఎక్కడికీ పోదు.

బ్యాంకు కోచింగ్‌ను మాత్రం దీంతో ఒకే గాటన కట్టలేను. బ్యాంకు పరీక్షల క్యాలెండరును వాటిని నడిపే సంస్థ ఐబీపీఎస్ ఏటా ముందే ప్రకటిస్తుంది. ఏ నెలలో క్లర్కు, ఏ నెలలో పీవో (ఆఫీసరు), ఎప్పుడు గ్రామీణ బ్యాంకులు, అన్నీ జనవరిలోనే తెలిసిపోతాయి. క్లర్కు ప్రిలిమ్స్ అంటే గంటలో వంద ప్రశ్నలు. ఇంగ్లీషు 30, లెక్కలు 35, రీజనింగ్ 35. తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. క్లర్కుకు ఇంటర్వ్యూ లేదు, కాబట్టి నాలుగు మాటలు ఇంగ్లీషులో గడగడా మాట్లాడలేని పల్లె పిల్లలకు ఇది మంచి దారి. ఇదే లెక్కలు, ఇదే రీజనింగు రైల్వేకీ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఎస్సెస్సీ పరీక్షకీ పనికొస్తాయి. నంద్యాలకు బ్యాంకు కోచింగు ఊరని పేరు ఊరికే రాలేదు, రెండు రాష్ట్రాల నుంచీ పిల్లలు వచ్చి అక్కడ గదుల్లో ఉండి చదువుతారు. అయితే ఒక హద్దు పెట్టుకోవాలి. రెండు సీజన్లు రాయండి. రెండోసారి కూడా ప్రిలిమ్స్ దాటకపోతే సంచీ సర్దుకుని వచ్చేయండి. క్లర్కుకు జనరల్ వాళ్లకు 28 ఏళ్ల దాకా వయసు ఉంటుంది. ఇంకో కోర్సు చదువుతూ కూడా ఏటా రాయొచ్చు.

ఇక బీఈడీ. ప్రభుత్వ టీచర్లను తీసుకునే డీఎస్సీ సంగతి కూడా గ్రూప్స్ లాంటిదేనని కొందరు అంటారు. అందులో నిజం ఉంది. 2018 తరువాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, ప్రభుత్వం మారాక రద్దు చేశారు. చివరికి 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. ఆ అంకె చూసి మోసపోవద్దు. అందులో 6,371 ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు పోస్టులు. ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ వాళ్లు పనికిరారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చేసింది, వాటికి డీఈడీ ఉండాలి. బీఈడీ వాళ్లకు ప్రధానంగా మిగిలింది 7,725 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు, గురుకులాల్లాంటి చోట్ల 1,781 టీజీటీ (శిక్షణ పొందిన గ్రాడ్యుయేట్ టీచరు) పోస్టులు. అవి కూడా అన్ని సబ్జెక్టులకూ కలిపి. పరీక్షకు దరఖాస్తు చేసింది మూడు లక్షల పైచిలుకు మంది.

మరి తేడా ఎక్కడుంది? ఉద్యోగం రాకపోయినా చేతిలో మిగిలేదాంట్లో. బీఈడీ కాగితంతో ప్రైవేటు హైస్కూల్లో రేపే చేరొచ్చు. కేంద్రం పెట్టే టీచరు అర్హత పరీక్ష సీటెట్ పాసైతే కేంద్రీయ విద్యాలయాలకూ నవోదయలకూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన పక్కనే లేపాక్షిలో ఒక నవోదయ ఉంది, కర్నూలు వైపు బనవాసిలో ఇంకొకటి ఉంది, అక్కడి టీచర్లూ మనలాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. రాష్ట్రం పెట్టే అర్హత పరీక్ష టెట్ ఒకసారి పాసైతే 2021 నుంచి జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీలో వందకు ఇరవై మార్కుల వెయిటేజీ దానిదే. అంటే నోటిఫికేషన్ లేని రోజుల్లో కూడా టెట్ మార్కులు పెంచుకుంటూ పోతే ఆ చదువు వృథా కాదు. గ్రూప్స్‌లో ఈ సదుపాయం లేదు.

కానీ బీఈడీలో నాకు చాలా బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. "కాలేజీకి రావాల్సిన పనిలేదు, పరీక్షలకు వస్తే చాలు" అని సీట్లు నింపుకునే చోట్లు ఉన్నాయి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి అలాంటి చోట చేరింది. రెండేళ్లలో ఒక్కరోజు కూడా బోర్డు ముందు నిలబడకుండా పట్టా తెచ్చుకుంది. ప్రైవేటు స్కూల్లో డెమో ఇమ్మంటే ఏడో తరగతికి భిన్నాల కూడిక చెప్పలేక చేతిలో సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయానని నాతో ఏడుస్తూ చెప్పింది. రెండేళ్ల బీఈడీలో 20 వారాల పాటు బడితో కలిసి పనిచేయాలని, అందులో 16 వారాలు పాఠాలు చెప్పాలని నిబంధన. బీఈడీకి విలువంతా ఆ 20 వారాల్లోనే ఉంది. అవి లేని పట్టా కోసం రెండేళ్లూ ఫీజూ ఖర్చుపెట్టొద్దు.

ఎమ్మెస్సీ దగ్గర నేను కొంచెం మొహమాటం లేకుండా మాట్లాడతాను. డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తోచక, హాస్టల్లో స్నేహితులు ఉంటారని ఎమ్మెస్సీలో చేరితే రెండేళ్ల తరువాత మళ్లీ ఇదే గుమ్మం దగ్గరికి వస్తారు, రెండేళ్లు పెద్దవాళ్లై. సబ్జెక్టు మీద ఆశ ఉంటే మాత్రం దీనికి మించింది లేదు. 2021 నుంచి పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష ఒక్కటి రాస్తే మన శ్రీకృష్ణదేవరాయ (ఎస్కేయూ) అయినా, కడప యోగి వేమన అయినా, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీ అయినా సీటు వస్తుంది. మా పిల్లలు అక్కడితో ఆగిపోతారు, అదే నా దిగులు. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. 2018 నుంచి మన అనంతపురంలోనే సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఫిబ్రవరిలో జామ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీలో ఎమ్మెస్సీ చదవొచ్చు, తిరుపతి ఐఐటీ ఏమంత దూరం? మూడు గంటల్లో 60 ప్రశ్నలు, వంద మార్కులు. మూడేళ్ల బీఎస్సీ చాలు. ఈ మాట ఫైనలియర్ ఏప్రిల్లో తెలిస్తే ఒక ఏడు పోయినట్టే. ఇది చదువుతున్నవాళ్లలో రెండో ఏడాది పిల్లలుంటే ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఎమ్మెస్సీ తరువాత చేతిలో మిగిలేది సబ్జెక్టును బట్టి మారుతుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ వాళ్లకు హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీలు ఉన్నాయి. లెక్కల వాళ్లకు ఇంటర్ కాలేజీలు. జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీ కావాలి. డిగ్రీ లెక్చరర్‌కు 55 శాతంతో పీజీ, దాని మీద నెట్ గానీ సెట్ గానీ (లెక్చరర్ అర్హత పరీక్షలు), లేదంటే పీహెచ్‌డీ గానీ ఉండాలి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (రీసెర్చి చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. మా కాలంలో రీసెర్చి అంటే ఇంట్లో వాళ్లు భయపడేవాళ్లు, ఈ డబ్బుతో ఇప్పుడు ఇంటికి కూడా పంపొచ్చు.

ఒక సంగతి పైకి ఎవరూ అనరు, కానీ ఆడపిల్లల విషయంలో అన్నిటికంటే బరువైనది అదే. కోర్సులో పేరు ఉన్నన్నాళ్లు పెళ్లి మాట ఆగుతుంది. "పాప చదువుకుంటా ఉంది" అంటే బంధువులు రెండేళ్లు ఊరుకుంటారు. "ఇంట్లో ఉండి ప్రిపేర్ అవుతా ఉంది" అంటే ఆర్నెల్లలో సంబంధాలు మొదలవుతాయి. నంద్యాలకు ఒంటరిగా పంపేందుకు ఇంట్లో ఒప్పుకోరు, ఇంట్లో ఉండి చదువుదామంటే పొయ్యి దగ్గరి పనీ పొలం పనీ ఉంటాయి. కాబట్టి ఆడపిల్ల అడిగితే నేను ఉత్త కోచింగ్ చెప్పనే చెప్పను. హాస్టలు ఉన్న ఎమ్మెస్సీనో, రోజూ వెళ్లాల్సిన మంచి బీఈడీ కాలేజీనో చెబుతాను. ఆ రెండేళ్లలో బ్యాంకు పరీక్ష రెండుసార్లు రాసుకోవచ్చు. అది కోర్సు ఎంచుకోవడమే కాదు, చదువుకోవడానికి రెండేళ్ల కాలాన్ని సంపాదించుకోవడం కూడా.

కళ్యాణదుర్గం అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. మూడు ఆదివారాలు పని ఇచ్చాను. మొదటి ఆదివారం ఫోన్లో గంట టైమరు పెట్టుకుని బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్ పాత పేపరు రాయమన్నాను. రెండో ఆదివారం జామ్ లెక్కల పేపరు, మూడు గంటలు, కదలకుండా. మూడో ఆదివారం వాళ్ల ఊళ్లో ఎనిమిదో తరగతి పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టుకుని బీజగణితంలో ఒక పాఠం చెప్పమన్నాను.

నాలుగో వారం ఆ నోట్‌బుక్కే తీసుకుని వచ్చింది. బ్యాంకు పేపర్లో లెక్కలు, రీజనింగు బాగా చేసింది, ఇంగ్లీషులో 30కి 9. జామ్ పేపర్లో పదకొండు ప్రశ్నలు చేసింది, ఏడు సరిపోయాయి. పాఠం సంగతి అడిగితే మొహం విప్పారింది. "మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎట్లయితాది అక్కా అని ఒక పిల్లోడు అడిగినాడు సార్. నాకూ ఎవరూ చెప్పలేదు, పుస్తకంలో ఉందని బట్టీ పట్టినా. రాత్రంతా ఆలోచించి, పొద్దున మళ్లీ పోయి అప్పు ఉదాహరణతో చెప్పినా. రోజుకు వంద అప్పు అవుతా ఉంటే, మూడు రోజుల ముందు మనం ఎంత మెరుగ్గా ఉంటిమో లెక్క కట్టమన్నా. వాళ్లకు అర్థమయింది."

ఆ రోజే కూర్చుని ఇద్దరం ఫారాలు చూశాం. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌కు ఫీజు కట్టించాను. హాజరు గట్టిగా పట్టే కాలేజీల పేర్లు రెండు రాసిచ్చి, చేరేముందు అక్కడ సీనియర్లను కలిసి ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపుతారో అడగమన్నాను. వచ్చే ఏడాది బ్యాంకు క్లర్కు రాయాలంటే ఇంగ్లీషు 9 మార్కులతో కుదరదు కాబట్టి రోజూ అరగంట దానికి. ఎమ్మెస్సీ లెక్కలు బీఈడీ అయ్యాక చేసుకోవచ్చు. రెండూ ఉంటే పీజీటీ (పీజీ ఉన్న టీచరు) పోస్టుకు కూడా దారి ఉంటుంది.

పోతూ పోతూ నోట్‌బుక్ తీసి, బీఈడీ వరసలో 'నాయన' అన్న మాట పక్కనే తన పేరు కూడా రాసుకుంది.