బిల్లు అడగాలా, ఇంటి గుట్టు అడగాలా?
కావలి దగ్గర మా ఊరి రచ్చబండ మీద సర్పంచి గురించి రెండు రకాల మాటలు నడుస్తుంటాయి. సిమెంటు రోడ్డు ఆరు నెలలకే ఎందుకు పగిలింది అనేది ఒకటి. ఆయన కూతురు పుట్టింటికి ఎందుకొచ్చేసింది అనేది రెండోది.

మొదటిదానికి కాగితం ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడితే ఎంత మందం పోశారో, ఎంత బిల్లు లేపారో 30 రోజుల్లో చెప్పాలి. రెండోదానికి ఏ కాగితమూ లేదు, నోటికొచ్చిందే సాక్ష్యం. పైగా దెబ్బ తగిలేది మనల్ని ఏనాడూ ఓటడగని ఆ పిల్లకి. మొన్న బిందె పట్టుకుని ఆమె కొళాయి దగ్గరకు రాగానే అందరూ టక్కున మాట ఆపేశారు. ఆమె బిందె సగమే నింపుకుని తల దించుకు వెళ్లిపోయింది. నా ప్రాణం చివుక్కుమంది.

అలాగని గడప లోపలిదంతా సొంత విషయమని వదిలేయమనను. 1992లో మన దూబగుంట ఆడవాళ్లు మొగుళ్ల తాగుడును ఇంటి గుట్టని దాచుకోలేదు. సర్కారు వేలంపాటలు పెట్టి అమ్మించిన సారా మీదే తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం వచ్చింది. రేపు సర్పంచి బావమరిదికే రోడ్డు పని ఇస్తే, ఆ చుట్టరికం కూడా అడగాల్సిందే. కూతురి కాపురం మాత్రం అడగకూడదు.