గండికోటలో పాలపుంత: చీకటికి డబ్బు కట్టాం, హాలోజన్ వెలుగు దక్కింది

మా ఫొటోగ్రఫీ క్లబ్ ఈసారి ఫిబ్రవరి అమావాస్యకు గండికోట పెట్టుకుంది. హైదరాబాదు నుంచి మినీ బస్సు, పధ్నాలుగు మంది, రెండు రాత్రులు. తలకు 4,600 అయింది: బస్సుకు 2,400, గుడారాలకు 1,600, తిండికి 600. అందులో దండగ ఆ గుడారాల డబ్బే.

‘ఫుల్ చీకటి సార్, చుక్కలు చేతికందుతాయి’ అని ఫోన్లో చెప్పి సగం అడ్వాన్సు వేయించుకున్నాడు గుడారాల ఆసామి. తీరా వెళితే వరుసకు రెండు చివరలా హాలోజన్ దీపాలు, మధ్యలో రంగు బల్బుల తోరణం, పక్క గుంపు వాళ్ల చలిమంట, స్పీకరు. తొమ్మిదింటికి ఆపమంటే ‘పాములొస్తాయి సార్’. పదకొండింటికి అడిగితే ‘ఫ్యామిలీలున్నారు సార్’. ఇరవై సెకన్లు షట్టరు తెరిచి ఉంచే ఎక్స్‌పోజర్‌లో అలాంటి దీపం ఒక్కటి చాలు, ముందున్న బండలన్నీ పసుపు ముద్దవుతాయి. దానికి తోడు చలిమంట పొగ, బళ్లు లేపిన దుమ్ము ఆ వెలుగును పట్టుకుని ఫ్రేము అడుగున తెరలా నిలబడతాయి. రంగంటే ఎడిటింగులో సర్దుకోవచ్చు, తెర వెనక మునిగిన చుక్కల్ని ఎవరూ పైకి తేలేరు. కొత్త సభ్యులు ముగ్గురు అలిగి ముసుగుతన్ని పడుకున్నారు. గుడారం బుక్ చేసేముందు లైట్లు ఎన్నింటికి ఆపుతారో వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట పనికిరాదు.

రెండో రాత్రి ఆ వెలుగుకు గుట్ట అడ్డం వచ్చేదాకా నడిచి ట్రైపాడ్లు దించాం. నేర్చుకున్నదంతా అక్కడే.

ఫిబ్రవరి నడిమికి పాలపుంత నడిబొడ్డు ఆగ్నేయంలో లేచేసరికి తెల్లవారుజామున మూడవుతుంది. ముందు వృశ్చికంలో ఎర్రటి జ్యేష్ఠను పట్టుకుని తోక వెంట మూలా నక్షత్రం దాకా కిందికి వస్తే, దట్టమైన భాగం ఆ పక్కనే. అయిదుంపావు దాటితే తూర్పు తెల్లబడటం మొదలు. కాబట్టి అది కాస్త పైకెక్కాక చేతిలో ఉండేది నాలుగు నుంచి అయిదుంపావు దాకానే, మిగతా పనులన్నీ ముందే ముగించుకోవాలి.

ఫోకస్ దగ్గర లెన్సు మీది అనంతం గుర్తును నమ్మొద్దు. కెమెరా వెనక తెర మీద, లైవ్ వ్యూలో, స్వాతి లాంటి మెరిసే చుక్కను పది రెట్లు పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగు తిప్పి, టేపు అంటించాలి. ఆ తర్వాత రింగు మీద చెయ్యి పడకూడదు. 14 ఎంఎం లెన్సు, లెన్సు ద్వారం ఎఫ్ 2.8, సెన్సరు వెలుగును పట్టే జోరు ఐఎస్‌ఓ 3200, షట్టరు 20 సెకన్లు, రంగు సర్దుబాటు 4000 కెల్విన్‌తో మొదలుపెడితే చాలు. చుక్కలు సాగకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో చెప్పడానికి 500ను ఫోకల్ లెంగ్త్‌తో (ఇక్కడ 14) భాగించే పాత లెక్క ప్రకారం 35 సెకన్లు వస్తుంది గానీ, ఇప్పటి సెన్సర్లలో పెద్దది చేసి చూస్తే చుక్కలు గీతలుగా సాగి ఉంటాయి. 300తో భాగించండి, 21 వస్తుంది. చిన్న సెన్సరుండే ఏపీఎస్‌సీ కెమెరాలకు ముందు ఫోకల్ లెంగ్త్‌ను 1.5తో, క్యానన్‌కైతే 1.6తో గుణించాకే భాగించాలి. ఇది మరిచి ఇద్దరు రాత్రంతా సాగిన చుక్కలే తీశారు.

ఫొటోలో మచ్చలు తీసేయడానికి కెమెరా చేసే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయాలి, లేదంటే ప్రతి ఫొటోకు రెట్టింపు సమయం పోతుంది. ట్రైపాడ్ మీద ఉన్నంతసేపు చేతి వణుకు సర్దే స్టెబిలైజేషన్ కూడా వద్దు. లోయ అంచున గాలి ఈడ్చి కొడుతుంది. మధ్య కడ్డీ పైకెత్తకుండా దాని కొక్కేనికి సంచీ తగిలించండి, అదీ నేలకు ఆనేలా. ఊగుతూ ఉంటే ఇంకా చెడుపు. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టకపోతే పక్కవాడి ఫొటోతో పాటు మీ కళ్లకు అలవాటైన చీకటీ పోతుంది, మళ్లీ కుదురుకోవడానికి ఇరవై నిమిషాలు. బండల కోసం వేరే షాటు తీసుకోవాలి: అదే ఫ్రేము, ఐఎస్‌ఓ 800, నాలుగు నిమిషాలు. ఇంటికొచ్చాక రెండూ కలుపుకోవడమే.

పొద్దున పెన్నా లోయ దగ్గర ఇంకో చిక్కు. ఆకాశం తెల్లగా కాలిపోతుంటే నీళ్లింకా నల్లగానే ఉంటాయి, ఒక్క షాటులో రెండూ ఇమడవు. రెండేసి స్టాపుల తేడాతో, అంటే ఒక్కోదానికి వెలుగు నాలుగు రెట్లు మారేలా, అయిదు షాట్లు తీసి కలుపుకోవాలి. అంచున రెయిలింగు లేదు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి నడవడం అక్కడ ఎవరికీ వద్దు.

మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం మధ్యాహ్నం చూసేశాం. ట్రైపాడ్ వాడాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

యాత్రలో పూర్తిగా గిట్టుబాటైంది జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ. ప్లేటు 50. నిమ్మరసం పట్టిన బొరుగులు, పుట్నాల పొడి, పక్కన వేడివేడి మిరపబజ్జీ. అలిగిన ముగ్గురూ రెండో ప్లేటు చెప్పాక మాట కలిపారు.

వారం తర్వాత క్లబ్బులో తలా మూడు ఫొటోలు తెర మీద వేశాం, తీసినవాళ్లు నోరు విప్పకూడదని నియమం. నలభై రెండింటిలో అందరి విమర్శకూ నిలబడ్డవి ఆరు. ఆరూ రెండో రాత్రివే. మళ్లీ వెళితే శని, ఆదివారాల్లో పడని అమావాస్య చూసుకుని వెళతాం, బస జమ్మలమడుగులో. అక్కడి నుంచి కోటకు పదిహేను కిలోమీటర్లే, రెండున్నరకు బస్సు కదిలితే సరిపోతుంది.