మీటరు నీలం కేబులు: ఐపీ ఆఫీస్ 500 వీ2తో పదేళ్ళ పైన

తిరుపతిలో మాదొక మోస్తరు హోటలు. 112 గదులు, ప్రతి గదిలో మామూలు అనలాగ్ ఫోను, పైన ఆఫీసుకి ఇంకో 8. అంటే 30 పోర్టుల మాడ్యూళ్ళు (ఫోను తీగలు వచ్చి తగిలే పెట్టెలు) నాలుగు సరిగ్గా నిండిపోయాయి. 2014 నుంచి వీటిని నడుపుతున్నది అవాయా ఐపీ ఆఫీస్ 500 వీ2 అనే ఫోన్ ఎక్స్ఛేంజి పెట్టె. కరెంటు, కెమెరాలు, ఫోన్లు అన్నీ చూసుకునేది నేనే కాబట్టి దీని గుణం, గోల రెండూ నాకు తెలుసు.

సెల్‌ఫోన్ల కాలంలో గదిలో ఫోను ఎవడికి కావాలి అంటారు చాలామంది. మా ఊరొచ్చి చూడాలి. "పొద్దున మూడింటికి లేపండి, కొండకెళ్ళాలి" అని రిసెప్షన్‌లో రాయించి పడుకునే కుటుంబాలు రోజూ ఉంటాయి. రాత్రి డ్యూటీ కుర్రాడు ఆ చీటీ చూసి ఒక్కో గదికి నంబరు నొక్కుతాడు. అవతల మోగాలి, అంతే.

ఆ మోగడం విషయంలో పెట్టెకి నేను వంక పెట్టను. నా సమీక్షంతా ఒక్క కేబులు మీద.

మెయిన్ యూనిట్ వెనక ఎక్స్‌పాన్షన్ అని రాసిన పోర్టులు ఎనిమిది ఉంటాయి. ఒక్కో మాడ్యూల్‌కి ఒక్కోటి. ఒక మాడ్యూల్ నుంచి ఇంకో మాడ్యూల్‌కి గొలుసులా తగిలించడం ఉండదు, అన్నీ నేరుగా తల్లిపెట్టెకే రావాలి. మాడ్యూల్ అట్టపెట్టెలోనే ఒక నీలం కేబులు వస్తుంది, పొడవు 1 మీటరు. వెనక పోర్టులకి అదే వాడాలి, వేరేది కుదరదు. ఇది మాన్యువల్‌లో ఉంది. మేం చదవలేదు, అదీ సంగతి.

పెట్టిన రెండో ఏడు అకౌంట్స్ వాళ్ళకి చోటు చాలక ఫోన్ల గదిలో సగం గోడ కట్టి ఇచ్చేశాం. ర్యాక్ చిన్నదైంది. నాలుగో మాడ్యూల్‌ని గోడ అవతల కారిడార్‌లో ఒక బాక్సులో పెడదామన్నాడు అప్పటి టెక్నీషియన్. నీలం కేబులు అందదు. రెండు వైపులా ఉన్నది ఆర్‌జే45 పిన్నే (కంప్యూటర్ నెట్‌వర్క్, అంటే లాన్, తీగకి ఉండేదే) కదా అని ఆరు మీటర్ల క్యాట్6 లాన్ కేబులు కోసి, క్రింప్ చేసి తగిలించాడు. దీపం ఆకుపచ్చగా వెలిగింది. టీ తాగి వెళ్ళిపోయాం.

అసలు వెలగకపోయుంటే ఎంత బాగుండేది! రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు నాలుగో అంతస్తు మొత్తం చచ్చింది. రీస్టార్ట్ చేస్తే బతికింది. మళ్ళీ ఒక రాత్రి చచ్చింది, దాని సమయం దానిదే. ఏడుగురి కుటుంబం ఒకటి మూడింటికి లేవాల్సింది ఐదున్నరకి లేచింది. ఆ పెద్దాయన రిసెప్షన్ దగ్గర నిలబడి ఒక్క మాట గట్టిగా అనలేదు. మా చీటీలో తన గది నంబరు ఎదురుగా ఉన్న "3.00" మీద వేలు పెట్టి అలా చూస్తూ నిలబడ్డాడు. అరిచినా బాగుండేదనిపించింది.

తరవాత నెలంతా మార్చనిది లేదు. అడాప్టర్ మార్చాం, ఎర్తింగ్ మార్చాం, పిన్నులు మళ్ళీ కొట్టాం, మాడ్యూల్‌ని మూడో దానితో అటూ ఇటూ చేశాం. జబ్బు మాడ్యూల్‌తో పాటు పోలేదు, కారిడార్ బాక్సులోనే ఉండిపోయింది. చివరికి వేరే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు టెక్నీషియన్ ర్యాక్ వెనక్కి టార్చి కొట్టి, "ఈ బూడిద రంగు కేబులు ఎవరు వేశారు నాయనా?" అన్నాడు. మాడ్యూల్ అట్టపెట్టె తెమ్మన్నాడు. స్టోర్‌రూమ్‌లో దొరికింది. అడుగున కవరు కూడా విప్పని నీలం కేబులు!

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. పిన్ను లాన్‌ది లాగే ఉన్నా లోపల నడిచేది లాన్ కాదు. లాన్‌లో ఒక ప్యాకెట్ పోతే మళ్ళీ పంపించుకోవచ్చు. ఇక్కడ ఒక్కో ఫోను గొంతు సెకనుకి 8000 ముక్కలుగా తెగి, తన వంతు గడియ రాగానే దాటాలి. ఆలస్యమైన ముక్క కోసం ఎవరూ ఆగరు. అందుకే పెట్టెకీ పెట్టెకీ మధ్య దూరం చెయ్యి చాపినంతే ఉంచారు.

మేం చేసిన తప్పు ఒక్క ముక్కలో చెప్పాలంటే సాగదియ్యకూడని వైపు సాగదీశాం. మాడ్యూల్ నుంచి ఫోనుకి వెళ్ళే జత తీగ చాలా దూరం పోతుంది: అర మిల్లీమీటరు రాగి తీగైతే 1000 మీటర్లు, 0.4 మిల్లీమీటర్లదైతే 400 మీటర్లు. మాకు అక్కడ కావాల్సింది ఆరు మీటర్లు! మాడ్యూల్‌ని మళ్ళీ ర్యాక్‌లోకి తెచ్చి, నీలం కేబులు తగిలించి, కారిడార్‌లో క్రోన్ బాక్సు (ఫోను తీగల జతలు కలిపే పెట్టె) పెట్టి 30 జతలూ అక్కడికి లాగాం. పంచింగ్ టూల్‌తో ఒక మధ్యాహ్నం పని. అప్పటి నుంచి ఆ అంతస్తు మళ్ళీ చావలేదు.

2 మీటర్లు దొరికే దారి ఒకటుంది. యూనిట్ ముందు వైపు నాలుగో స్లాట్‌లో 4 పోర్టుల ఎక్స్‌పాన్షన్ కార్డు వేస్తే మాడ్యూళ్ళు 12 దాకా పెట్టుకోవచ్చు. ఆ ముందు పోర్టులకి మాత్రం కార్డుతో వచ్చే 2 మీటర్ల పసుపు కేబులు వాడొచ్చు. ముందు నుంచి తిరిగి మాడ్యూల్ వెనక్కి చేరాలి కదా, ఆ చుట్టుకే అది సరి. గోడ దాటడానికి దాన్ని నమ్ముకోకండి. పసుపుది వెనక పోర్టుకి పెట్టడం కూడా తప్పే.

2019లో రోడ్డుకి అవతల 24 గదుల కొత్త భవనం తీసుకున్నాం. 140 మీటర్లు. లాన్ కేబులు ఒక్క పరుగులో 100 మీటర్లు దాటదు, ఈ నీలం కేబుల్ సంగతి చెప్పక్కర్లేదు. ఐదో మాడ్యూల్‌ని పాత ర్యాక్‌లోనే పెట్టి జెల్లీ కేబులు (నీళ్ళు చొరకుండా లోపల జెల్లీ నింపిన ఫోను కేబులు) పూడ్చి జతలు లాగాం, రెండు కొసల్లో పిడుగు రక్షణ పెట్టాం. బయట నుంచి వచ్చే తీగకి అది లేకుండా పెట్టొద్దు.

ఇంకా విసుగు తెప్పించేది అడాప్టర్లు. మాడ్యూల్‌కి ఒకటి, మాకు ఇప్పుడు ఐదు. యూనిట్‌కి మాత్రం లోపలే ఉంటుంది. కరెంటు ఇచ్చేటప్పుడు మాడ్యూళ్ళు ముందు, యూనిట్ చివర. మాడ్యూల్ తీసేటప్పుడు ఏ పోర్టుది ఆ పోర్టుకే తిరిగి పెట్టాలి, ఎక్స్‌టెన్షన్లు పోర్టుని బట్టే ఉంటాయి. నేను గోళ్ళరంగుతో అంకెలు వేసుకున్నాను.

గది గదికీ లాన్ ఉన్న కొత్త కట్టడమైతే ఇది కొనకండి, ఐపీ ఫోన్లకే పొండి. గోడల్లో పాత రాగి జతలున్న మాలాంటి వాళ్ళకి మాత్రం నేనిప్పటికీ ఇదే చెప్తాను. ర్యాక్ మాత్రం పెద్దది కొనండి, అకౌంట్స్ వాళ్ళు అడిగినా ఇవ్వకండి.

ఆ ఆరు మీటర్ల క్యాట్6ని పారెయ్యలేదు. లిఫ్టు పక్క కెమెరాకి వేశాను. దివ్యంగా పనిచేస్తోంది.